నురుగు సీసా

మా మరదలి మొదటి గెలుపు బరువు పదకొండు గ్రాములు. అరచేతిలో పట్టే గాజుసీసాలో సగానికి కూడా రాని లేత గోధుమరంగు పొడి. ఇరవయ్యో బ్యాచ్‌లో వచ్చింది. అంతకుముందు పంతొమ్మిది బ్యాచ్‌లలోనూ రెండు గ్రాములో, మూడు గ్రాములో వచ్చి ఆగిపోయింది. చూడటానికి రెండు చెంచాల పంచదారంత ఉంటుంది గానీ ఇది టీకాలో కలిసే సరుకు. ఒక ఆవగింజను నలభై ముక్కలు చేస్తే అందులో ఒక ముక్కంత చాలు ఒక మనిషికి. ఆ కాస్తా పడితేనే టీకాకు బలం వస్తుంది. పదకొండు గ్రాములు రెండు లక్షల మందికి సరిపోతుందని మా డాక్టరమ్మ కాగితం మీద రాసి చూపించింది.

మా ఫ్యాక్టరీకి నలభై ఏళ్ళు నిండిన సందర్భంగా పుస్తకం వేస్తున్నారు. విభాగానికి ఒకరి చొప్పున జీవితకథ ఉండాలన్నారు. ఈస్ట్ విభాగానికి మా మరదల్ని ఎంచారు. ఆమె గురించి రాయడానికి నన్ను ఎంచారు. బెరడు షెడ్డు నుంచి ఎవర్ని ఎంచారని అడిగాను. "మీ షెడ్డు ఫోటో వేస్తున్నాం కదా మేస్త్రిగారూ, రంగుల్లో," అన్నారు మేనేజరుగారు. ఫోటోలో నేను లేను. కాగులు ఉన్నాయి.

కాబట్టి నా సంగతి నాలుగు ముక్కల్లో నేనే చెప్పుకుంటాను. నాది పల్లెటూరి బడి చదువు. ఏడో తరగతిలో బడి మొత్తానికి మొదటివాణ్ణి. నా దస్తూరి చూసి మా మాస్టారు తన ఉత్తరాలు నాచేత రాయించుకునేవారు. ముప్పై ఒక్క ఏళ్ళుగా బెరడు షెడ్డులో ఉన్నాను, అందులో పంతొమ్మిదేళ్ళు మేస్త్రిగా. నేను దింపిన కాగుల్లో ఒక్కటి కూడా ల్యాబ్ నుంచి తిరిగి రాలేదు. ప్రశంసాపత్రాలు మూడు, గోడగడియారం ఒకటి. బాయిలర్ పగిలిన ఏడాది పన్నెండు రోజులు కట్టెలపొయ్యి మీద సరుకు దింపి, ఆర్డరు ఆగకుండా చూసింది నేను. ఈ సంగతి కొత్తవాళ్ళకు తెలియదు.

మేము చేసే పని ఇది. దూరపు కొండల్లో పెరిగే ఒక చెట్టు బెరడు బస్తాల్లో వస్తుంది. దాన్ని నరికి, దంచి, కాగుల్లో మరిగిస్తే సబ్బునీళ్ళలాంటి కషాయం దిగుతుంది. ఆ కషాయంలోనే టీకాకు బలమిచ్చే సరుకు ఉంటుంది. ల్యాబ్‌వాళ్ళు దాన్ని శుద్ధిచేసి పొడి చేస్తారు. ముప్పై ఒక్క ఏళ్ళకు నా చేతులు మోచేతుల దాకా తేనెరంగు తిరిగాయి. ఎంత తోమినా వదలదు.

"బావా, నువ్వు చేతులు కడిగిన నీళ్ళు ఇలా పట్టు, రెండు చీరలు ఉతుక్కుంటాను," అని మా మరదలు ఎగతాళి చేసేది.

ఆమె మా ఆవిడకు ఆఖరి చెల్లెలు. వాళ్ళమ్మ పోయాక పన్నెండేళ్ళప్పుడు మా ఇంటికి వచ్చింది. పైగది ఇచ్చాం. పన్నెండో తరగతి దాకా చదివించింది నేను. లెక్కల్లో రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కింది. మేనేజరుగారితో మాట్లాడి ల్యాబ్‌లో సీసాలు కడిగే పనిలో పెట్టించింది కూడా నేనే. ఈ మాట ఇప్పటికి వెయ్యిసార్లు చెప్పి ఉంటాను. పుస్తకంలో కూడా ఉండాలని మరోసారి రాస్తున్నాను.

సీసాలు కడగడంలో ఆమెకు ఒక పట్టుదల ఉండేది. మిగిలినవాళ్ళు మూడు నీళ్ళు పోసి బోర్లిస్తే ఆమె ఏడు నీళ్ళు పోసేది. "మూడు చాలునే," అని పక్కామె అంటే, "మూడు సీసాకు, నాలుగు నాకు," అనేది. వెలుతురుకు ఎత్తి, తిప్పి చూసి, మెడ దగ్గర ఒక్క మచ్చ కనిపించినా మళ్ళీ మొదటికి వచ్చేది. నాలుగేళ్ళు అలా కడిగింది. ఒక్క సీసా పగలలేదు.

ఆ రోజుల్లోనే డాక్టరమ్మ మా ఫ్యాక్టరీకి వచ్చింది. వైద్యం చేసే డాక్టరు కాదు, సూక్ష్మజీవుల మీద పెద్ద చదువు చదివిన మనిషి. కళ్ళజోడు, మడిచిన చొక్కా చేతులు, ఎప్పుడూ పరుగే. ఆమెతో పాటు ఈస్ట్ వచ్చింది. రొట్టెను పొంగిస్తుందే, ఆ ఈస్టే. కాకపోతే మా బెరడు చెట్టు ఆ సరుకును ఏ జన్యువులతో తయారుచేసుకుంటుందో, ఆ జన్యువుల్ని తీసి ఈ ఈస్ట్‌లో పెట్టారు. చెట్టు చేసే పని ఇక ఈస్ట్ చేస్తుందన్నమాట. పంచదార పోసి, గాలి ఊది, వెచ్చగా ఉంచితే చాలు. నేను విని నవ్వాను. అరవై ఏళ్ళు ఎండా వానా తిన్న చెట్టు చేసే పని, అయిదు రోజుల్లో స్టీలు ట్యాంకులో అవుతుందంటే నవ్వు రాదా మరి?

ఈస్ట్‌కు శుభ్రం ప్రాణం. వేరే సూక్ష్మజీవి ఒక్కటి ట్యాంకులో పడినా మొత్తం పాడవుతుంది. మా మరదలు కడిగిన సీసాల్లో మొదలుపెట్టిన ఈస్ట్ ఒక్కసారి కూడా పాడవలేదని డాక్టరమ్మ గమనించింది. "ఆ అమ్మాయిని నాకు ఇవ్వండి," అని అడిగి మరీ తీసుకుంది. మా మరదలికి తెల్లకోటు వచ్చింది. ట్యాంకు చూసుకునే పని వచ్చింది. షెడ్డులో మావాళ్ళు ఆమెకు 'ఈస్టమ్మ' అని పేరు పెట్టారు. మొదట వెక్కిరింతకే పెట్టారు గానీ ఏడాది తిరిగేసరికి మేనేజరుగారు కూడా అదే పేరుతో పిలవసాగారు, 'గారు' చేర్చి.

నాకు అప్పుడు మొదలైంది.

దాచుకోవడం ఎందుకు? కుళ్ళుకున్నాను. ఆమె ఇంటికి వస్తే ఒంటిమీద వేడి రొట్టె వాసన, నేను వస్తే నానిన బెరడు వాసన. ఆమె ఉండేది చల్లటి గది, నాది ఆవిరి షెడ్డు. బయటినుంచి పెద్దలెవరైనా వస్తే ఇదివరకు ముందు నా కాగుల దగ్గరికి తెచ్చేవారు. కుర్చీ వేసేవాణ్ణి, నురుగు చూపించేవాణ్ణి. ఇప్పుడు మా షెడ్డు పక్కనుంచే వెళుతూ, "ఇది పాత పద్ధతి," అని చెయ్యి చూపించి ముందుకు సాగిపోతున్నారు. మా అమ్మాయి బళ్ళో 'నాకు నచ్చిన వ్యక్తి' అని వ్యాసం రాయమంటే పిన్ని మీద రాసింది. రెండు పేజీలు. నా గురించి అందులో ఒక వాక్యం ఉంది: మా నాన్న కూడా అక్కడే పనిచేస్తారు. ఆ 'కూడా' నాకు వారం రోజులు అన్నం సహించనివ్వలేదు.

"మీ మొహం చూస్తే పాలు విరిగిపోయేలా ఉన్నాయి. అది నా చెల్లెలండీ, మీ పగవాడు కాదు," అంది మా ఆవిడ.

"నేనేమన్నాను ఇప్పుడు?"

"ఏమీ అనలేదు. అందుకే అంటున్నాను."

పోనీ నా పొట్ట కొడుతున్నారా అంటే అదీ లేదు. ఏటేటా బెరడు రాక తగ్గిపోతోంది. ఆ కొండల్లో చెట్లు ఎన్నని నరుకుతారు? నా నాలుగు కాగుల్లో రెండు ఖాళీగానే ఉంటున్నాయి. టీకాల ఆర్డర్లేమో పెరుగుతున్నాయి. ఈస్ట్ పని కుదిరితే మా షెడ్డులో అందరినీ ఆ భవనంలోకి మారుస్తామని మేనేజరుగారు రాతపూర్వకంగా ఇచ్చారు. నా పదవీ విరమణ ఎలాగూ ఏడాదిన్నరలో ఉంది. కాబట్టి నాది భయం కాదు. ఒట్టి అసూయ.

మేనేజరుగారు ఒక గడువు కూడా పెట్టారు. ఇరవై బ్యాచ్‌లు. వాటిలో ఒక్కదాంట్లోనైనా పది గ్రాములు రావాలి. రాకపోతే ఈస్ట్ గదికి తాళం, డాక్టరమ్మ వచ్చిన చోటికే వెళుతుంది, మా మరదలు తిరిగి సీసాల దగ్గరికి. నెలకు రెండు మూడు బ్యాచ్‌లు నడిచేవి. మొదటి ఎనిమిదీ రెండు గ్రాములు దాటలేదు. ఒక్కొక్కటి పోయినప్పుడల్లా ఆమె పైగదిలోంచి కిందికి రాకుండా పడుకునేది. మా ఆవిడ పళ్ళెం పైకి తీసుకెళ్ళేది. నేను ఆ పూట కడుపునిండా తినేవాణ్ణి.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. మా షెడ్డుకూ ఈస్ట్ భవనానికీ మధ్య నేల మీద పసుపు గీత ఉంది. బెరడు దుమ్ములో అడవి సూక్ష్మజీవులు వస్తాయి గనక మేము ఆ గీత దాటకూడదు. అటువాళ్ళు మావైపు వస్తే స్నానం చేసి, బట్టలన్నీ మార్చుకుంటే గానీ తిరిగి ట్యాంకు దగ్గరికి వెళ్ళడానికి లేదు. ఎవరికి ఓపిక? అందుకని ఆ భవనం వచ్చిన ఆరేళ్ళలో వాళ్ళెవరూ మా కాగును చూడలేదు, మేమెవరం వాళ్ళ ట్యాంకును చూడలేదు. గీత కిందుగా వచ్చేది ఒక్క మురుగుకాలువే. ఈస్ట్ భవనంలో పారబోసిన నీళ్ళు మా షెడ్డు వెనకనుంచి పోతాయి. జన్యువులు మార్చిన ఈస్ట్ గనక ప్రాణంతో బయటికి పోకూడదు. వాళ్ళు ఏది పారబోసినా ముందు ఆవిరిపెట్టెలో ఉడికించి చంపాకే వదులుతారు.

తొమ్మిదో బ్యాచ్ నడుస్తున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం చేతులు కడుక్కోవడానికి షెడ్డు వెనక్కి వెళ్ళాను. కాలువలో నురుగు కొట్టుకొస్తోంది. సబ్బునురుగు నాలుగు అడుగులు పోయేలోగా చచ్చిపోతుంది. ఇది చావలేదు. మలుపు దగ్గర పేరుకుని, గాలి వీస్తున్నా కదలకుండా కూర్చుంది. ముప్పై ఏళ్ళుగా నేను గరిటెతో తోడుతున్న నురుగును నేను గుర్తుపట్టనా?

గాజుగొట్టంలో కాస్త నీళ్ళు పట్టి, బొటనవేలితో మూసి పదిహేను సెకన్లు ఊపాను. గూట్లో నిలబెట్టి పావుగంట ఆగాను. మా షెడ్డు పరీక్ష ఇదే. పావుగంట తరవాత కూడా నురుగు నిలిచి ఉంటే అందులో సరుకున్నట్టు. ఎంత ఎత్తు నిలిస్తే అంత సరుకు. నాలుగు వేళ్ళ ఎత్తు నిలిచింది. నా మంచి కాగుల్లో కూడా నాలుగు వేళ్ళు నిలవడం అరుదు.

అంతా ఒక్కసారిగా అర్థమైంది. వాళ్ళ ఈస్ట్ సరుకు చేస్తోంది, బ్రహ్మాండంగా చేస్తోంది. కానీ ఆ సరుకు సబ్బు జాతిది. నీళ్ళలో ఉండదు, బుడగను పట్టుకుని పైకి పోతుంది. ట్యాంకులోకి గాలి ఊదుతారు గనక నురుగు పొంగి పైగొట్టంలోకి ఎక్కుతుంది. గొట్టం తడవకుండా చివర ఒక పెద్ద గాజుసీసా పెడతారని, దాన్ని నురుగు సీసా అంటారని మా మరదలు ఇంట్లో చెప్పగా విన్నాను. అది నిండినప్పుడల్లా ఆవిరిపెట్టెలో పెట్టి పారబోసేది ఆమే. పారబోసి ఊరుకునే మనిషా? ఏడు నీళ్ళు పోసి, వెలుతురుకు ఎత్తి చూసి, ఒక్క తునక కూడా మిగలకుండా కడిగేది. డాక్టరమ్మ కాగితంలో నురుగు సీసాకు ఒకే గడి ఉంటుందట: వ్యర్థం, ఎన్ని లీటర్లు. తూచేది ట్యాంకులో మిగిలిన నీళ్ళనే. ట్యాంకువాళ్ళకు నురుగంటే శత్రువు. అణచాలి, చంపాలి, అవతల పారెయ్యాలి. మాకు నురుగే పంట.

గీత దగ్గర నిలబడి ఒక్క కేక వేస్తే చాలు. వెయ్యలేదు. గొట్టం కడిగేసి, చేతులు తుడుచుకుని కాగు దగ్గరికి వెళ్ళిపోయాను.

ఇలా పది బ్యాచ్‌లు. నాలుగున్నర నెలలు. ప్రతి బ్యాచ్‌కూ ఒకసారి వెనక్కి వెళ్ళి కాలువ చూసేవాణ్ణి. నురుగు కనిపిస్తే గుండెలో ఏదో చల్లగా దిగేది. కాసేపటికి అదే మండేది. ఆమె ఈస్ట్ నా చెట్టు కంటే బాగా చేస్తోందని ఈ భూమ్మీద నా ఒక్కడికే తెలుసు. ఆమె గెలిచేసిందని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, అది చాలనట్టు ఆమె ఏడుస్తుంటే పక్కగదిలో పేపరు చదువుకుంటున్నవాణ్ణీ నేనే.

పదమూడో బ్యాచ్ పోయాక ఒక ఆదివారం ఉదయం వంటింట్లో ఆమే అడిగింది.

"బావా, నీ కాగు పొంగినప్పుడు నురుగు ఎలా అణుస్తావు?"

మా ఆవిడ కూరగాయలు తరుగుతోంది. కత్తి ఆగింది.

"అణచను," అన్నాను.

"అణచకపోతే పొర్లిపోదూ?"

"పొర్లనివ్వను."

"అబ్బ, నువ్వూ నీ పొడుపుకథలూ! నా ఈస్ట్ బిడ్డలు పొంగుతుంటే నాకు వణుకొస్తోంది. నురుగు చంపే మందు ఇంకాస్త ఎక్కువ పొయ్యమంటావా?"

"మీ గాజుసామాను సంగతి నాకేం తెలుసు? నేను పల్లెటూరి బడిలో చదివినవాణ్ణి. మీ డాక్టరమ్మను అడుగు."

"ఆమెకూ తోచడం లేదు. ఈస్ట్ సరుకు చెయ్యడానికి బద్ధకిస్తోందంటుంది."

"బద్ధకించేది ఈస్టో, ఎవరో," అన్నాను.

ఆమె మొహం ఎర్రబడింది. లేచి పైకి వెళ్ళిపోయింది. మా ఆవిడ కత్తి కింద పెట్టి నా వైపు చూసింది.

"ముప్పై ఏళ్ళుగా నురుగులో మునిగి ఉన్నారు. దానికి చెప్పడానికి మీ దగ్గర ఒక్క మాట కూడా లేదా?"

"లేదు," అన్నాను. అబద్ధం ఇంత తేలిగ్గా వస్తుందని నాకు ఆరోజే తెలిసింది.

పంతొమ్మిదోది మూడు గ్రాముల దగ్గర ఆగింది. ఇక ఒక్కటే మిగిలింది. డాక్టరమ్మ తన పుస్తకాలు పెట్టెల్లో సర్దుకుంటోందని ఫ్యాక్టరీ అంతా చెప్పుకున్నారు. మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ షెడ్డులోకి ఎవరో వస్తే తలెత్తి చూశాను. మా మరదలు. తెల్లకోటు లేదు. ఇంటిచీర మీద పాత తువ్వాలు కప్పుకుని ఉంది. పసుపు గీత దాటి, మా వైపు, మొట్టమొదటిసారి.

"ఏమ్మా, దారి తప్పావా?" అన్నాను.

"లేదు బావా. పని అడగడానికి వచ్చాను."

"ఏం పని?"

"ఇరవయ్యోది కూడా ఇలాగే పోతుంది. సీసాల దగ్గరికి మళ్ళీ వెళ్ళలేను. అక్కడ అందరూ నన్ను గారూ గారూ అన్నారు, ఇప్పుడు ఏ మొహంతో వెళ్ళను? నీ షెడ్డులో ఏదో ఒకటి ఇప్పించు. దుమ్ము ఊడవమన్నా ఊడుస్తాను. నువ్వు పని నేర్పితే నేర్చుకుంటాను."

ఎన్ని నెలలు ఈ మాట కోసం చూశానో నాకు తెలుసు. తీరా వచ్చాక సంతోషం రాలేదు. కూర్చోమని కూడా అనలేకపోయాను. ఆమె నిలబడే కాగు వంక చూస్తోంది. కాగు దగ్గర మా షెడ్డు పెద్దమ్మ ఉంది. పనిలో నా తరవాతే చేరినా వయసులో మా అందరికంటే పెద్ద, జల్లిగరిటె ఆమె చేతిలో పుట్టిందంటారు. నురుగును పైపైన తీసి పక్కనున్న తొట్టిలోకి వేస్తోంది.

"అదంతా ఎందుకు తోడుతున్నావు పెద్దమ్మా? పారెయ్యడానికా?" అని అడిగింది మా మరదలు.

నేను నోరు తెరిచాను. ఏం చెప్పడానికి తెరిచానో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. పెద్దమ్మను వేరే పనిమీద పంపడానికో, నిజం చెప్పెయ్యడానికో. ఈలోగా పెద్దమ్మ నవ్వేసింది.

"పారెయ్యడమేంటి తల్లీ, నీ ఇల్లు బంగారంగానూ! సరుకంతా ఇందులోనేగా ఉండేది. అడుగున మిగిలేది ఒట్టి కుడితి. మీ బావ మొదటిరోజు నాకు చెప్పిన పాఠమే ఇది."

మా మరదలు కాసేపు తొట్టిలోకి చూసింది. ముంజేతిదాకా చెయ్యి ముంచి తీసింది. వేళ్ళమీద నురుగు అలాగే నిలబడింది. తరవాత నన్ను చూసింది. నేను కళ్ళు తిప్పుకోవాల్సింది, తిప్పుకోలేదు. ఆ చూపులో ఆమె అడిగింది, నేను చెప్పాను.

తువ్వాలు అక్కడే పడిపోయింది. పరుగు తీసింది. స్నానం చేసే గది తలుపు దబ్బుమన్న చప్పుడు మా షెడ్డు దాకా వినిపించింది.

ఇరవయ్యో బ్యాచ్‌లో నురుగు చంపే మందు పొయ్యలేదు. పైగొట్టం దగ్గర ఒకటికి బదులు మూడు నురుగు సీసాలు వరసగా కట్టింది. డాక్టరమ్మ మొదట ఒప్పుకోలేదట. సీసాలు పారబొయ్యకుండా చల్లగా దాచి, నురుగు విరిగి నీళ్ళయ్యాక ఆ నీళ్ళనూ ట్యాంకు నీళ్ళతో పాటు శుద్ధికి పంపేలా మా మరదలు పట్టుబట్టి ఒప్పించింది. అయిదు రోజులు ట్యాంకు పక్కనుంచి కదల్లేదు. మా ఆవిడ డబ్బాలో అన్నం పంపేది. ఆరోరోజు తూచారు. ట్యాంకులోంచి మూడు గ్రాములు, నురుగు సీసాల్లోంచి ఎనిమిది. డాక్టరమ్మ తక్కెడ ముందు కూలబడి కళ్ళజోడు తీసి ఏడ్చిందట. మేనేజరుగారు ఫ్యాక్టరీ మొత్తానికి మైకులో చెప్పారు. నేను కాగు దించుతున్నాను. షెడ్డులో అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, గరిటె చంకలో పెట్టుకుని.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఆమె నేరుగా నా కుర్చీ ముందు నిలబడింది.

"ఎప్పటినుంచి తెలుసు?"

"తొమ్మిదో బ్యాచ్ నుంచి," అన్నాను.

మా ఆవిడ గుమ్మంలో ఉంది. ఆమెకు విషయం అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక, "ఛీ," అంది. పెళ్ళయిన పాతికేళ్ళలో నన్ను అలా అనడం అదే మొదలు.

మా మరదలు తిట్టలేదు. తిడితే బాగుండేది.

"నన్ను సీసాల దగ్గర పెట్టించింది నువ్వు. చదివించింది నువ్వు. ట్యాంకు దగ్గర నిలబడ్డప్పుడల్లా మా బావ అయితే ఏం చేస్తాడు అనుకునేదాన్ని," అంది. తరవాత, "మంచిది మేస్త్రిగారూ," అని పైకి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి నేను ఆమెకు మేస్త్రిగారినే. 'మీరు' అంటుంది. ఎదురుపడితే మర్యాదగా పక్కకు తప్పుకుని దారి ఇస్తుంది. ఇరవై రెండేళ్ళు ఆటపట్టించిన పిల్ల నాతో ఒక్క హాస్యమాడదు. అందరూ నన్ను మేస్త్రిగారనే పిలుస్తారు, ఎప్పుడూ నొప్పి పుట్టలేదు.

అసూయ పోయిందా అంటే, పోలేదు. పెద్దమ్మకు ప్రశంసాపత్రం ఇచ్చారు, 'కీలకమైన సూచన చేసినందుకు' అని. ఆ పాఠం ఆమెకు నేర్పింది నేను. ఆ పత్రం చూసి కూడా కుళ్ళుకున్నాను. నాలుగున్నర నెలలు నా గుప్పిట్లో ఉన్న మాటను ఆమె ఒక్క నవ్వుతో ఇచ్చేసింది. నాకు చెప్పే అవకాశం కూడా మిగల్లేదు.

ఆ తరవాతి ఆరు బ్యాచ్‌లూ పది గ్రాములు దాటాయి. ఒకటి పద్నాలుగుకు వెళ్ళింది. మా షెడ్డువాళ్ళు సగం మంది ఇప్పుడు ఈస్ట్ భవనంలో ఉన్నారు, నురుగు గురించి తెలిసినవాళ్ళని వాళ్ళకు అక్కడ గౌరవం. మా ఫ్యాక్టరీవాళ్ళే రేవు పక్కన ఇంకొక ఊళ్ళో దీనికి పదింతల ట్యాంకు కట్టారు. అక్కడ నురుగు పట్టే పద్ధతి నేర్పడానికి మా మరదల్ని మూడు నెలలకు పంపారు. పెద్ద చదువులు చదివిన ఇంజనీర్లు వరసగా నిలబడి ఆమె చెప్పేది రాసుకుంటున్నారట. ఫోటో పంపింది. మా ఆవిడకు. అందులో ఆమె గాజుగొట్టం ఊపి చూపిస్తోంది, బొటనవేలితో మూసి, అచ్చం నేను ఊపినట్టు. ఆమెకు ఆ పరీక్ష పెద్దమ్మ నేర్పి ఉంటుంది. నన్ను అడిగి ఉంటే నేర్పేవాణ్ణి కాదా?

వారానికొకసారి ఫోను వస్తుంది. మా ఆవిడ అందరికీ వినిపించేలా పెట్టి పని చేసుకుంటూ మాట్లాడుతుంది.

"తింటున్నావా లేదా?"

"తింటున్నానక్కా. ఇక్కడి ట్యాంకు రాక్షసి. పొంగిందంటే మూడంతస్తులు పరిగెత్తాలి."

"ఎప్పుడొస్తున్నావు?"

"మేనేజరుగారు ఫ్యాక్టరీ క్వార్టర్ ఇస్తానన్నారక్కా. దాని సంగతి వచ్చాక చూస్తాను. మేస్త్రిగారు బాగున్నారా?"

"ఇక్కడే ఉన్నారు, నువ్వే అడుగు."

మా ఆవిడ ఫోను నా ముందుకు జరిపింది.

"నీ గురించి పుస్తకంలో రాస్తున్నాను," అన్నాను.

"ఏం రాస్తున్నారు?"

"జరిగింది."

"తొమ్మిదో బ్యాచ్ కూడానా?"

"అది కూడా."

"అచ్చులో పడితే ఫ్యాక్టరీ అంతా చదువుతారు. మీకు మూడు ప్రశంసాపత్రాలున్నాయి."

"గోడగడియారం కూడా ఉంది," అన్నాను.

నవ్విందో, దగ్గిందో ఫోనులో తెలియలేదు. మా ఆవిడను అడిగితే, దగ్గే అంది. ఆ ఊరి గాలి పడలేదట.

పైగది దుమ్ము నేనే దులిపాను. కిటికీ రెక్క బిగించాను. క్వార్టర్‌కు వెళుతుందో, ఇక్కడికే వస్తుందో మా ఆవిడకూ చెప్పలేదు. బస్టాండుకు ఎవరు వెళ్ళాలని మా అమ్మాయి అడిగితే నేను వెళతానన్నాను. సెలవు చీటీ రాసి ఇచ్చాను, నా దస్తూరిలో, ఒక్క కొట్టివేత లేకుండా. ఆమె వచ్చే రోజు నవంబరు పంతొమ్మిది, గురువారం, ఉదయం పదకొండు గంటల బస్సు.